స్పాంజితో హాలు గోడకు రంగు: నా అనుభవం

స్పాంజి అద్దకం, అంటే అడుగు రంగు మీద వేరే రంగును స్పాంజితో అచ్చులుగా వేయడం, బాగా కుదరాలంటే స్పాంజిలో రంగు వీలైనంత తక్కువగా ఉండాలి. గోడ పాడయ్యేది చాలావరకు ఇక్కడే. తిరుపతిలో మా హాల్లో సోఫా వెనక గోడ ఒక్కదానికి ఈ పని చేసుకున్నాం. పది అడుగుల ఎత్తు, పన్నెండు అడుగుల వెడల్పు, అంటే 120 చదరపు అడుగులు. కింద రాసిన కొలతలన్నీ ఆ గోడ లెక్కే. మీ గోడ పెద్దదైతే అదే నిష్పత్తిలో పెంచుకోండి.

ముందు అదను సంగతి. సంక్రాంతికి ఇంటికి రంగులు వేయించడం మన వైపు ఆనవాయితీ. స్పాంజి పనికి మాత్రం అది మంచి సమయం కాదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. ఆ తడి పండగ నాటికి గోడల్లోంచి పూర్తిగా పోదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినప్పుడు చూశాం కదా, కింది అంతస్తు గోడ ఒకసారి నీళ్ళు తాగిందంటే పైకి ఎండినట్టు కనిపించినా లోపల చెమ్మ నెలల తరబడి ఉంటుంది. ఇక ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటితే రంగు గోడకు చేరేలోపే స్పాంజిలో గట్టిపడుతుంది. సంక్రాంతి దాటాక, శివరాత్రి లోపు చేసుకుంటే రెండు ఇబ్బందులూ ఉండవు.

చెమ్మ ఉందో లేదో చేత్తో తడిమి చెప్పలేం. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపు వేసి గోడకు అంటించి ఒక రోజంతా వదిలేయండి. తీసేటప్పుడు గోడవైపు నీటి బిందువులు కనిపిస్తే ఆ గోడ ఇంకా సిద్ధంగా లేదన్నమాట. పాత ఇళ్ళలో నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా నిమ్ము ఎక్కి, తెల్లగా ఉప్పు పూస్తుంది. దాన్ని నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో రాల్చి, ఊడ్చి పారేయాలి. అసలు నిమ్ము ఎక్కడి నుంచి వస్తోందో చూసి ఆపకుండా ఎంత ఖరీదైన రంగు వేసినా ఏడాది తిరిగేలోపు పెచ్చులు ఊడుతుంది.

తర్వాత గోడ మీద ఇప్పుడున్నది ఏమిటో తెలుసుకోవాలి. అరచేత్తో గట్టిగా రుద్దండి. చేతికి తెల్లటి పొడి అంటితే అది సున్నమో, పాత డిస్టెంపరో. దాని మీద స్పాంజి అద్దితే, ఎత్తినప్పుడల్లా కింది పొర ఊడి స్పాంజికే అంటుకుంటుంది. చిత్తూరు పాత వీధుల్లో మిద్దె ఇళ్ళకు ఏళ్ళ తరబడి వేసిన సున్నం పొరలు పేరుకుని ఉంటాయి. గీకుడు రేకుతో మొత్తం గీకి, కడిగి, ఆరబెట్టాల్సిందే. ఆ పనికి అడ్డదారి లేదు. గోడకు పాత ఆయిల్ పెయింటు ఉంటే మరింత జాగ్రత్త పడాలి. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింటులో సీసం ఎక్కువ ఉండే అవకాశం ఉంది. దాన్ని పొడిగా రుద్దొద్దు. తడిపి రుద్దండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

లప్పం, అంటే గోడను నున్నగా చేసే పుట్టీ, రెండు కోటింగులు. వైట్ సిమెంటు పుట్టీ అయితే కిలోకు 360 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి, ఉండలు లేకుండా చేసి, పది నిమిషాలు ఆగి మళ్ళీ ఒకసారి కలపాలి. కలిపింది రెండు గంటల్లో వాడేయాలి. గట్టిపడ్డాక నీళ్ళు పోసి మెత్తబరిస్తే పట్టు పోతుంది. మా గోడకు పది కిలోల సంచి సరిపోయింది. రెండు కోటింగులూ కలిపి మందం ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. ఎండాక 180 నంబరు ఉప్పుకాగితంతో ఒకసారి, 320తో మరోసారి రుద్దాలి. స్పాంజి అద్దకం గోడ వంకరలను దాచేస్తుందని చాలామంది అనుకుంటారు. చిన్న చిన్న గీతలను దాచే మాట నిజమే. కానీ కిటికీ పక్క నుంచి వెలుగు పడే గోడ మీద ఎత్తుపల్లాలుంటే, మిట్టల మీద అచ్చు ముద్దగా పడి పల్లాల్లో అసలు పడదు. మచ్చలు ఇంకా ఎక్కువ కనిపిస్తాయి. ఆ మీదట ప్రైమరు ఒక కోటింగు, డబ్బా మీద రాసిన మేరకు నీళ్ళు కలిపి.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెబుతాను. రంగులో తాగే నీళ్ళే కలపండి. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువున్న చోట ముదురు రంగుల మీద తెల్లటి చారలు తేలే ప్రమాదం ఉంది. రంగుల్లో కలిపే నీళ్ళు మొత్తం మీద ఒకటి రెండు లీటర్లకు మించవు. దానికి ఒక క్యాను నీళ్ళు పెట్టుకుంటే చాలు.

అడుగు రంగు మ్యాట్ (మెరుపు లేనిది) తీసుకోవద్దు. ఈ ఒక్క విషయం షాపులో ముందే చెప్పాలి. మ్యాట్ ఎమల్షన్ (నీళ్ళతో కలిపే గోడ రంగు) పైన పడ్డ తడిని వెంటనే పీల్చేస్తుంది, అచ్చు వంకరగా పడితే తుడిచి సరిచేసే వీలుండదు. కాస్త మెరుపుండే సాఫ్ట్ షీన్ లేదా శాటిన్ అయితే తడి గుడ్డతో ఒక నిమిషంలోపు తుడిస్తే వచ్చేస్తుంది. లీటరు డబ్బా మా గోడకు రెండు కోటింగులకు సరిపోతుంది, అయితే నీళ్ళు కలపకముందే అందులోంచి 150 మిల్లీలీటర్లు తీసి మూత బిగుతుగా ఉండే డబ్బాలో పక్కన పెట్టాలి. అది చివర్లో ఎంత అవసరమో తర్వాత చెబుతాను. రెండు కోటింగుల మధ్య నాలుగు గంటలు, రెండోది అయ్యాక కనీసం ఒక రోజు ఆగాలి. అంతకంటే ముందే మాస్కింగ్ టేపు (రంగు అంటకూడని అంచుల వెంట అంటించే కాగితపు టేపు) వేస్తే, తీసేటప్పుడు అడుగు రంగు కూడా టేపుతో పాటే వచ్చేస్తుంది.

రంగుల ఎంపిక గురించి. షేడ్ కార్డులో ఒకే పట్టీ మీద, ఒకటి రెండు మెట్లు తేడా ఉన్న రంగులు తీసుకుంటే తప్పు జరగదు. మేం గంధం రంగు అడుగున వేసి, దానికంటే రెండు మెట్లు ముదురు రంగు ఒకటి, దాని మీద లేత మీగడ రంగు ఒకటి అద్దాం. తెల్లటి గోడ మీద ముదురు నీలమో, ముదురు ఎరుపో అద్దితే ఎంత నేర్పుగా చేసినా చుక్కలు చుక్కలుగానే కనిపిస్తుంది. ఆఖరున అద్దిన రంగే కంటికి ఎక్కువ కనబడుతుంది, కాబట్టి గది మొత్తం ఏ రంగులో కనిపించాలనుకుంటున్నారో దాన్ని ఆఖరుకు ఉంచుకోండి. మెటాలిక్ బంగారు రంగు అద్దేవాళ్ళు దాన్ని అన్నిటికన్నా చివర, అన్నిటికన్నా తక్కువగా అద్దాలి. పగలు మామూలుగా ఉన్న మెటాలిక్, రాత్రి లైటు వేయగానే ఎక్కువ పడ్డ చోటల్లా మెరిసి మచ్చలా తేలుతుంది.

అందుకే రెండడుగుల ప్లైవుడ్ ముక్కకో, దళసరి అట్టకో ఇదే అడుగు రంగు వేసి, మీరనుకున్న రంగులన్నీ దాని మీద అద్ది చూడండి. దాన్ని గోడకు ఆనించి పొద్దున ఒకసారి, రాత్రి లైటు వెలుగులో ఒకసారి చూడండి. పసుపు బల్బు, తెల్ల బల్బు కింద ఒకే రంగు రెండు రకాలుగా కనిపిస్తుంది. రంగు మార్చుకునే వీలు ఇక్కడే ఉంటుంది.

ఇక స్పాంజి. అసలైనది సముద్రపు స్పాంజి, దాని చిల్లులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, అంచులు గుండ్రంగా వంకరటింకరగా ఉంటాయి. అచ్చు సహజంగా పడటానికి కారణం అదే. మామూలు హార్డ్‌వేర్ షాపుల్లో తరచుగా ఉండదు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అరచేతిలో నిండుగా పట్టేంత సైజు ఒకటి, దానిలో సగం సైజు ఒకటి ఉంటే చాలు. అది దొరక్కపోతే కారు కడిగే పెద్ద స్పాంజి కొనండి. నాలుగు మూలలూ కత్తిరించకుండా చేత్తో చించేయాలి, గోడకు తగిలే వైపు అక్కడక్కడా వేళ్ళతో గిల్లి గుంటలు చేయాలి. కత్తెర పెడితే తిన్నటి అంచు వస్తుంది, ఆ గీత గోడ మీద పడుతుంది. అంట్లు తోమే స్పాంజి, పరుపుల ఫోమ్ ముక్క పనికిరావు. వాటి చిల్లులు మరీ చిన్నవి, రంగు పులిమినట్టు అవుతుంది. తీగ మీదే ఎండిన నేతిబీరకాయ పీచును గింజలు దులిపి నానబెట్టి మేం వాడి చూశాం. అచ్చు పోగులు పోగులుగా పడుతుంది. మొదటి రంగుకు బాగోదు, రెండో రంగుకు పైపైన అద్దితే చాలా అందంగా ఉంటుంది. ఊళ్ళో పెరటి తీగ ఉన్నవాళ్ళు తప్పక ప్రయత్నించండి.

రంగు కలపడం. ఎమల్షన్ 150 మిల్లీలీటర్లకు గ్లేజ్ 150 మిల్లీలీటర్లు, మొదటి రంగుకు. రెండో రంగుకు వంద, వంద. గ్లేజ్ అంటే రంగు లేని చిక్కటి ద్రవం. కలిపితే రంగు కాస్త పారదర్శకంగా మారి, ఆరడం ఆలస్యమవుతుంది. గ్లేజ్ లేకపోతే నాలుగు వంతుల రంగుకు ఒక వంతు నీళ్ళు, అంతకు మించొద్దు. పలచనైతే గోడ మీద కారుతుంది.

స్పాంజిని రంగు డబ్బాలోనే ముంచకండి. వెడల్పాటి పళ్ళెంలో రెండు మూడు చెంచాలు పోసి పలచగా పరవండి. స్పాంజిని నీళ్ళలో ముంచి గట్టిగా పిండాలి. పొడి స్పాంజి రంగునంతా లోపలికి తాగేసి, నొక్కినప్పుడు ఒక్కసారిగా కక్కుతుంది. నీళ్ళు కారే స్పాంజి రంగును పలచన చేసి ధారలు కట్టిస్తుంది. చిత్తూరులో ఒక పెయింటరన్న మాట ఇది: "పిండేసినాక ఇంకోసారి పిండాల. అప్పుడే అది గోడకాడికి పోవాల." తర్వాత పళ్ళెంలో తేలిగ్గా ఒకసారి అద్ది, పాత పేపరు మీద నాలుగైదు సార్లు అద్దాలి. మొదటి అచ్చు ముద్దగా పడుతుంది, రెండోది కూడా అంతే. ఎప్పుడైతే కాగితం మీద అచ్చులో దోసె మీద లేచిన చిల్లుల్లా ఖాళీలు స్పష్టంగా కనిపిస్తాయో, అప్పుడు గోడ దగ్గరికి వెళ్ళాలి. ఒకసారి రంగు తీసుకుంటే పది పన్నెండు అచ్చులు వస్తాయి. ఇంకా వస్తున్నాయంటే రంగు ఎక్కువ తీసుకున్నట్టే.

చెయ్యి గోడకు నేరుగా వెళ్ళి నేరుగా వెనక్కి రావాలి. గోడకు తగిలి ఉన్నప్పుడు తిప్పినా, జరిపినా అచ్చు అలికినట్టవుతుంది. తిప్పడమంతా గాలిలోనే. ప్రతి అచ్చుకూ మణికట్టును పావు వంతు తిప్పండి, నాలుగైదు అచ్చులకోసారి స్పాంజిని చేతిలోనే మరో వైపుకు మార్చండి. లేకపోతే ఏదో ఒక పెద్ద చిల్లు గుర్తు అదే వరసలో గోడంతా కనిపిస్తుంది, ఒకసారి కంటబడితే ఇక దాని మీదికే చూపు పోతుంది. బజార్లో దొరికే డిజైన్ రోలర్ల మీద నాకు మనసు లేకపోవడానికి కారణం కూడా ఇదే. రోలరు తిరిగిన ప్రతిసారీ అదే బొమ్మ మళ్ళీ వస్తుంది. పని త్వరగా అవుతుంది, గోడకు ప్రాణం ఉండదు.

కొత్తగా రంగు తీసుకున్నప్పుడు మొదటి మూడు అచ్చులు నిండుగా పడతాయి కాబట్టి వాటిని పక్కపక్కన కాకుండా దూరదూరంగా వేసి, మిగతావాటిని మధ్యలో నింపుకుంటూ పోవాలి. మొదటి రంగులో మూడో వంతు గోడ ఖాళీగా ఉండాలి. మూడడుగుల మేర ఒక్కో భాగంగా చేయండి, కానీ ఆ భాగం అంచు తిన్నగా ఆపొద్దు. మెట్లు మెట్లుగా, చెదురుమదురుగా వదిలేస్తే తర్వాతి భాగం దానిలో కలిసిపోతుంది. ఒక్కో భాగం అయ్యాక ఎనిమిది పదడుగులు వెనక్కి వెళ్ళి చూడాలి. దగ్గర నుంచి బాగున్నది దూరం నుంచి గుంపులు గుంపులుగా కనిపించొచ్చు.

ఎత్తు తేడాను ఎవరూ అంతగా పట్టించుకోరు. నిచ్చెన మీద ఒక చేత్తో పట్టుకుని అద్దేటప్పుడు బలం తక్కువ పడుతుంది. ఛాతీ ఎత్తులో మొత్తం భుజం బలం వస్తుంది. కింద వంగి చేసేటప్పుడు చెయ్యి వాలుగా తగిలి అచ్చు సగమే పడుతుంది. ఫలితంగా గోడ మధ్యలో ఒక ముదురు పట్టీ, పైనా కిందా లేతగా. అందుకే పైభాగానికి నిచ్చెనకు బదులు గట్టి బల్ల వేసుకుని రెండు కాళ్ళ మీద నిలబడాలి, కిందికి వచ్చాక చిన్న స్టూలు మీద కూర్చోవాలి. స్పాంజి ఎప్పుడూ ముఖానికి, ఛాతీకి మధ్య ఎత్తులో ఉండేలా చూసుకోండి. ఇద్దరు కలిసి చేస్తుంటే ఒకరు రంగు పోసి, స్పాంజి కడిగి అందించాలి, గోడ మీద చెయ్యి మాత్రం ఒకరిదే ఉండాలి. ఇద్దరి ఒత్తిడి ఒకలా ఉండదు, తేడా తెలిసిపోతుంది.

పావుగంటకోసారి స్పాంజి కడిగి పిండండి. చిల్లుల్లో రంగు ఎండితే అచ్చు మూసుకుపోతుంది. రెండు స్పాంజిలు మార్చి మార్చి వాడితే పని ఆగదు. పని జరుగుతున్నంత సేపూ ఫ్యాను ఆపండి.

మూలల దగ్గర అందరూ ఇబ్బంది పడతారు. పెద్ద స్పాంజి మూలలోకి పట్టదు, బలవంతంగా తోస్తే పక్క గోడకు అంటుకుంటుంది. నిమ్మకాయంత ముక్క చించుకుని, మూలలో పాత ఎక్స్‌రే షీటు నిలువుగా ఆనించి, దాని అంచు వెంబడి అద్దాలి. షీటును ప్రతిసారీ తుడవాలి, లేకపోతే దాని వెనక అంటిన రంగు పక్క గోడ మీద గీత గీస్తుంది. మరీ ఇరుకైన చోట పొడి బ్రష్షు కొసతో పొడిస్తే చాలు. మూలలు, పైకప్పు అంచు, స్కర్టింగ్ (గోడ అడుగున నేల వెంబడి ఉండే పట్టీ) పైభాగం ఆ భాగంతో పాటే చేసుకుంటూ పోవాలి. చివర్లో చేద్దామని వదిలేస్తే గోడ చుట్టూ ఫ్రేము కట్టినట్టు ఖాళీ పట్టీ మిగులుతుంది. స్విచ్‌బోర్డు దగ్గర పనికి ముందు ఎం.సి.బి. (కరెంటు ఆపే మెయిన్ స్విచ్చు) దించేసి, పలకను కాస్త వదులు చేసి, దాని వెనక్కి కూడా అద్దండి. స్పాంజి తడిది, కరెంటుతో ఆట వద్దు.

రెండో రంగుకు ముందు మొదటిది పూర్తిగా ఆరాలి. గ్లేజ్ కలిపిన రంగు అయితే నాలుగు గంటలు ఆగండి. తడి మీద తడి పడితే రెండూ కలిసి మురికి రంగు అవుతుంది, అది ఆరాక కూడా అలాగే ఉంటుంది. రెండో రంగు ఖాళీల్లో సగం, మొదటి అచ్చుల మీద సగం పడేలా అద్దాలి. ఖాళీలు మాత్రమే నింపితే రెండు రంగులూ వేరువేరుగా నిలబడతాయి.

ఇప్పుడు, ముందుగా తీసిపెట్టిన ఆ 150 మిల్లీలీటర్ల అడుగు రంగు. గోడంతా ఆరాక వెనక్కి వెళ్ళి కళ్ళు కాస్త చికిలించి చూస్తే ముదురుగా గుమిగూడిన చోట్లు బయటపడతాయి. అక్కడ అడుగు రంగునే స్పాంజితో పలచగా, నాలుగైదు అచ్చులు అద్దితే గుంపు విడిపోతుంది. ముదురు చోటు చూసి చుట్టూ ఇంకా ముదురు రంగు అద్ది సమానం చేద్దామనుకుంటే గోడంతా ముదిరిపోతుంది. లేత చేయడమే సరైన దిద్దుబాటు. ఈ పనితో గోడకు లోతు కూడా వస్తుంది, అందుకే మచ్చలు లేకపోయినా అక్కడక్కడా అడుగు రంగు అద్దడం మంచిదని నా అభిప్రాయం.

ఇదే పనిని తిరగేసి చేసే పద్ధతి ఇంకొకటి ఉంది. ఒక వంతు రంగుకు మూడు నాలుగు వంతుల గ్లేజ్ కలిపి గోడకు రోలరుతో రాసి, తడి ఆరకముందే ఖాళీ స్పాంజితో అద్ది రంగును ఎత్తేయడం. మేఘాలు కమ్మినట్టు మెత్తగా వస్తుంది. దీనికి మాత్రం ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు రెండడుగుల పట్టీగా రాసుకుంటూ పోతుంటే ఇంకొకరు వెంటనే ఎత్తాలి. పట్టీ అంచు ఆరిపోయిందంటే పక్క పట్టీ కలిసే చోట నిలువు గీత పడుతుంది, ఆ గీతను ఇక దిద్దలేం. మన ఎండలకు మొదటిసారి చేసేవాళ్ళకు దీన్ని నేను సూచించను.

టేపును పని పూర్తవగానే, రంగు ఇంకా కాస్త పచ్చిగా ఉండగానే, గోడకు 45 డిగ్రీల వాలులో నెమ్మదిగా లాగాలి. పూర్తిగా ఎండాక లాగితే అంచులు ముక్కలు ముక్కలుగా లేస్తాయి. స్పాంజిలను వెంటనే మామూలు నీళ్ళతో, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి నీడన ఆరేయండి. మిగిలిన రంగును సింకులో పోయొద్దు, అట్టముక్క మీద పరిచి ఎండాక చెత్తలో వేయండి. గోడను మాత్రం నెల రోజుల దాకా తడి గుడ్డతో తుడవకండి, ఎమల్షన్ పూర్తిగా గట్టిపడటానికి అంత సమయం ఇవ్వాలి. దేవుడి గది పక్క గోడైతే దీపం మసి పడుతుంది. నెల దాటాక దాన్ని మెత్తటి గుడ్డతో తేలిగ్గా తుడుచుకోవచ్చు, శాటిన్ అడుగు రంగు ఉపయోగం అక్కడా తెలుస్తుంది.

మామూలు గోడకు లేని ఒక సుఖం ఈ గోడకుంది. మేకు తీసిన చోట లప్పం నింపి, రుద్ది, ప్రైమరు చుక్క, అడుగు రంగు చుక్క పెట్టి, రూపాయి బిళ్ళంత స్పాంజి ముక్కతో రెండు రంగులూ అద్దితే మచ్చ ఎక్కడుందో చెప్పలేరు. మామూలు ఎమల్షన్ గోడకైతే మూల నుంచి మూల దాకా మళ్ళీ వేయాల్సి వస్తుంది. దీనికోసం మూడు రంగుల్లో ఒక్కోటి 50 మిల్లీలీటర్ల చొప్పున చిన్న సీసాల్లో పోసి, షేడ్ నంబరు, గ్లేజ్ ఎంత కలిపారో, ఏ వరసలో అద్దారో కాగితం మీద రాసి అంటించి, ఎండ తగలని అల్మారాలో పెట్టుకోండి.